మినహాయింపు సరుకు

రాఘవులు లారీ కొన్నాడన్న సంగతి కాలిఫోర్నియాలోని శాన్ రామన్ తెలుగువాళ్ళందరికీ తెలియడానికి ఒక్క బర్త్‌డే పార్టీ సరిపోయింది. పాతికేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక, యాభై దాటినవాణ్ణి ఇంటర్వ్యూకి పిలిచే నాథుడు లేక, చాలాకాలం ఇంట్లో కూర్చున్నాడతను. ఏదో ఒక వ్యాపారం పెడతాడని అందరూ అనుకున్నారు గాని లారీ తోలతాడని మాత్రం ఎవరి ఊహకూ అందలేదు. ఎదురుపడ్డప్పుడు "గ్రేట్ అండీ, డిగ్నిటీ ఆఫ్ లేబర్" అన్నారు. కూతురు రియా కాలేజీలో స్నేహితులకి డాడ్ లాజిస్టిక్స్‌లో ఉన్నారని చెప్పుకుంది. అబద్ధమేం కాదు కదా అని రాఘవులు నవ్వేశాడు. భార్య వసుమతికి ఆ నవ్వు నచ్చలేదు.

ఆలోచన అతనిది కాదు, శ్యామ్‌సుందర్‌ది. ఇద్దరూ ఇంజనీరింగ్ కాలేజీలో ఒకే బెంచీ. హెచ్-వన్ వీసా మీద వచ్చిన కొత్తలో న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒకే గదిలో, ఒకే పరుపు మీద పడుకున్నారు. ఆ తరువాత రాఘవులు కాలిఫోర్నియా వచ్చేశాడు. శ్యామ్‌సుందర్ ప్రోగ్రామింగ్ మానేసి ఇండియన్ కూరగాయల హోల్‌సేల్ పెట్టాడు. ఇప్పుడు అక్కడి ఓక్ ట్రీ రోడ్ మీద సగం ఇండియన్ కొట్లకి బెండకాయ అతని గోడౌన్ నుంచే పోతుంది. తెలుగు సంఘంలో పదవి ఉంది, గుడి కమిటీలో కుర్చీ ఉంది.

"ఇంకా ఎన్ని రెజ్యూమేలు పంపుతావురా" అన్నాడు ఒకరోజు ఫోన్‌లో. "మీ కాలిఫోర్నియాలోనే, ఫ్రెస్నోలో మన కూరగాయలన్నీ పండిస్తున్నారు. దోసకాయ, కాకరకాయ, గోంగూర. పండించేవాళ్ళున్నారు, తినేవాళ్ళున్నారు, మధ్యలో మోసేవాడే లేడు. ఒక రీఫర్ కొనుక్కో. లోడ్లు నేనిస్తా."

రీఫర్ అంటే సరుకుని చల్లగా ఉంచే మెషిన్ బిగించిన పెద్ద పెట్టె, లారీ వెనక తగిలించేది.

"లైసెన్సులూ గట్రా పెద్ద తలనొప్పి కదరా?"

"ట్రక్ నడిపే లైసెన్సు నువ్వు తెచ్చుకోవాలి, బండి కండిషన్‌లో ఉండాలి. అంతవరకే. వేరే సరుకు మోయాలంటే గవర్నమెంట్ దగ్గర అథారిటీ తీసుకోవాలి. పొలం నుంచి వచ్చే పచ్చి సరుకుకి అదేం అక్కర్లేదు. ఎగ్జెంప్ట్. రేటెంత, మధ్యలో ఎవరున్నారు, సరుక్కి ఇన్సూరెన్స్ ఉందా, ఎవడూ అడగడు. నీకూ నాకూ మధ్య మాట, అంతే."

ఎవడూ అడగడు అన్న మాట రాఘవులు చెవికి ఆ రోజు చాలా తియ్యగా వినిపించింది. ఉద్యోగం పోయినప్పటి నుంచి అందరూ అతన్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు మరి.

మాంటీకాలో ఒక పంజాబీ డ్రైవింగ్ స్కూల్లో చేరి, రెండోసారికి టెస్ట్ పాసయ్యాడు. మొదటి ట్రిప్పు వెళ్ళేటప్పుడు నెవాడా ఎడారి దాటేదాకా కుడి పక్క లేను వదల్లేదు. రెండో ఏడు వచ్చేసరికి ఆ దారి మీద మక్కువే పుట్టింది. మేనేజర్ లేడు, మీటింగ్ లేదు. వయోమింగ్ గాలికి బండి ఊగితే స్టీరింగ్ గట్టిగా పట్టుకోవడం, నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య మనసులో ఏమీ లేకుండా పోవడం. తను ఇంత హాయిగా పని చేసి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

ఫ్రెస్నోలో అతను సరుకు ఎత్తేది మై యాంగ్ అనే మాంగ్ రైతు దగ్గర. చిన్నప్పుడు లావోస్ నుంచి పారిపోయి, థాయిలాండ్ క్యాంపుల్లో పెరిగి ఇక్కడికి వచ్చిన మనిషి. అరవై ఏళ్ళుంటాయి. పసుపు దోసకాయని ఎలా తింటారో ఆమెకి మొదట్లో తెలియదు. ఓ తెలుగావిడ విత్తనాలిస్తే వేసింది. ఆకు తెగుళ్ళూ పురుగులూ పట్టకుండా పెంచడం చేతనైంది, కొనేవాళ్ళు దొరికారు. లోడింగ్ అప్పుడు ప్రతి వరసలోనూ ఒక పెట్టె మూత తీసి, చేత్తో తడిమి చూసుకుని మరీ ఎక్కించేది. రాఘవులుకి అరటాకులో చుట్టిన జిగురన్నం పొట్లం ఇచ్చి పంపేది.

శ్యామ్‌సుందర్ మొదటిసారి ఆమెకి ఆర్డర్ ఇచ్చినప్పుడు ఆమె సందేహించింది. మూడు వేల మైళ్ళ అవతల ఉన్నవాడు, మొహం తెలియదు.

"ఈయన నీకు తెలుసా?" అని రాఘవులునే అడిగింది.

"ఒక కంచంలో తిన్నాం" అన్నాడు రాఘవులు.

ఆమెకి ఆ మాట చాలింది. అప్పట్నుంచీ సరుకు పంపుతోంది.

ఆగస్టు చివర్లో, వినాయక చవితి ముందు, శ్యామ్‌సుందర్ పెద్ద ఆర్డర్ పెట్టాడు. దోసకాయలే సగం బండి. మిగతాది బెండ, కాకర, గోంగూర కట్టలు. ఫ్రెస్నోలో ఎండ నిప్పులు చెరుగుతోంది. మై మనుషులు తెల్లారగట్ల కోసి, చల్లగదిలో వేడి తగ్గనిచ్చి, ఎండ ముదరకముందే ఎక్కించేశారు. రాఘవులు దారి పొడుగునా ఆగిన ప్రతిచోటా దిగి మెషిన్ మీద టెంపరేచర్ అంకె చూసుకున్నాడు. అంకె కదల్లేదు. పెన్సిల్వేనియా కొండల్లో వాన పడింది. చవితి నాటి ఉదయం ఎడిసన్ గోడౌన్‌లో సరుకు దించే డాక్‌కి బండి ఆనించి తలుపులు తీస్తే లోపల్నుంచి గోంగూర పులుపు వాసన చల్లగా మొహానికి తగిలింది.

శ్యామ్‌సుందర్ పట్టు లాల్చీలో వచ్చాడు. గుడికి బయల్దేరుతున్నట్టున్నాడు. ఒక పెట్టె మూత తీసి, దోసకాయలో థర్మామీటర్ గుచ్చి, దానివైపు సరిగ్గా చూడకుండానే తల అడ్డంగా ఊపాడు.

"వేడెక్కిపోయిందిరా సరుకు. నేను తీసుకోలేను."

రాఘవులు ఆ థర్మామీటర్ తన చేతిలోకి తీసుకుని చూశాడు. చల్లగానే ఉంది. ఆ మాట చెప్పబోతూ తలెత్తాడు. గోడౌన్ చల్లగది గుమ్మానికి వేలాడే ప్లాస్టిక్ తెరల్ని తోసుకుని ఒకతను ట్రాలీ లాక్కుంటూ బయటికి వచ్చాడు. ఆ తెరల సందులోంచి లోపల దోసకాయ పెట్టెలు కప్పుదాకా పేర్చి కనిపించాయి. వాటి మీద మెక్సికో ముద్ర ఉంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చవితికని అందరూ తెప్పించారు" అన్నాడు శ్యామ్‌సుందర్ గొంతు తగ్గించి. "మార్కెట్ పడిపోయింది. ఇవాళ దోసకాయ ఫ్రీగా ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు. ఇది దింపుకుంటే ఆమెకి ఫుల్ రేటు కట్టాలి. నేనెందుకు మునగాలిరా?"

"మంచి సరుకురా శ్యామ్. ఆమె ఏం పాపం చేసింది?"

"పాపం పుణ్యం కాదు. వచ్చేప్పుడే చెడిపోయి వచ్చిందంటే కొన్నవాడు కట్టక్కర్లేదు. నువ్వు ఒక్క మాట చెప్పాలి. మెషిన్ దారిలో కాసేపు ఆగిందని."

"అప్పుడు ఆమె నా మీద పడుతుంది."

"పడితే ఏం తీసుకుంటుంది? నీకు కార్గో ఇన్సూరెన్స్ ఉందా? లేదు, నిన్నెవడూ అడగలేదు. ఆమె కోర్టులకి తిరిగే మనిషా? లేదు." భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కిరాయి నేనిస్తా. ఈ సీజన్ అంతా లోడ్లు నీకే. కాదంటావా, ఈ సరుకంతా నెత్తిన పెట్టుకుని పండగపూట ఎక్కడికి పోతావో పో. నేను మాత్రం డాక్ తలుపు వేసేస్తా."

రాఘవులు ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. ఆ ఏమీ అనకపోవడంలోనే శ్యామ్‌సుందర్ ఫోన్ తీసి మై నంబర్ నొక్కి స్పీకర్ ఆన్ చేశాడు. సరుకు పాడైపోయి వచ్చిందనీ, డ్రైవర్ ఇక్కడే ఉన్నాడనీ, అతన్నే అడగమనీ ఇంగ్లీషులో గడగడా చెప్పి, ఫోన్ రాఘవులు మొహం ముందు పెట్టాడు.

"రాఘవ్" అంది మై. వెనకాల పెట్టెలు జారే చప్పుడు వినిపిస్తోంది. "నిజమేనా? మెషిన్ ఆగిందా?"

రాఘవులు చుట్టూ చూశాడు. లారీ, డాక్, వాన నీళ్ళు నిలిచిన తారు నేల, స్నేహితుడి లాల్చీ మీద జరీ. ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు తనకి? ఏ తలుపు కొట్టాలి?

"ఆగి ఉండొచ్చు, మై" అన్నాడు.

అవతల పెట్టెల చప్పుడు ఆగింది. తరువాత ఆమె అడిగింది.

"నువ్వు బాగానే ఉన్నావు కదా? దారిలో నీకేం కాలేదు కదా?"

"బాగానే ఉన్నాను."

"సరే" అని పెట్టేసింది.

శ్యామ్‌సుందర్ ఫోన్ జేబులో వేసుకుని, ఏదో బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. "దీన్ని పారెయ్యడం ఎందుకు, గుడికి తోలేయ్. ఇవాళ అన్నదానం ఉంది. వాలంటీర్లు దింపుకుంటారు. పుణ్యం కూడా" అన్నాడు.

గుడి దగ్గర పార్కింగ్ కార్లతో కిక్కిరిసి ఉంది. పట్టు పంచె కట్టుకున్న ఒకాయన పరుగున వచ్చి, "డ్రైవర్ గారూ, బండి వెనక్కి తీసుకెళ్ళండి, కిచెన్ వైపు" అని ఇంగ్లీషులో అన్నాడు. రాఘవులు తెలుగులో సరే అంటే ఒక్క క్షణం విస్తుపోయి, "అయ్యో, మనవాళ్ళేనా" అని ఇంకేమీ తోచక వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు, ఆడవాళ్ళు వరసగా నిలబడి పెట్టెలు అందిపుచ్చుకున్నారు. కావలసినంత వంటకి తీసుకుని, మిగతాది వచ్చినవాళ్ళకి సంచుల్లో పంచారు. గోంగూర ఎంత లేతగా ఉందో చూడమని ఒకావిడ ఇంకొకావిడకి కట్ట ఎత్తి చూపించింది.

మధ్యాహ్నం అయ్యేసరికి రాఘవులు కూడా భోజనాల వరసలో నిలబడ్డాడు. ఆకలిగా ఉంది, అంతకుమించి ఏ ఆలోచనా లేదు. గరిటె పట్టుకున్న అమ్మాయి, "అంకుల్, మీకు పప్పు కావాలి?" అని ముద్దుగా అడిగి విస్తరిలో దోసకాయ పప్పు వేసింది. అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముక్క గట్టిగా, కమ్మగా ఉంది. చేదు లేదు. వాడిన జాడ ఎక్కడా లేదు.

అప్పుడే మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఈరోజు అన్నప్రసాదానికి కూరగాయలన్నీ స్పాన్సర్ చేసిన మన శ్యామ్‌సుందర్ గారికి ఒక్కసారి గట్టిగా చప్పట్లు. ప్రతి పండక్కీ ఆయన ఇలాగే ముందుంటారు. స్వామివారి ఆశీస్సులు వారి కుటుంబానికి ఎల్లవేళలా ఉండాలని కోరుకుందాం."

హాలంతా చప్పట్లు. వేదిక మీద శ్యామ్‌సుందర్‌కి శాలువా కప్పారు. అతను రెండు చేతులూ జోడించి, నాదేముంది అన్నట్టు తల వంచాడు. వంచిన తల ఎత్తేటప్పుడు భోజనాల వైపు చూశాడు గాని రాఘవులు దగ్గర చూపు ఆపలేదు. రాఘవులు ఎడమ చెయ్యి విస్తరి అంచు మీద అలాగే ఉండిపోయింది. పక్కాయన చప్పట్లు కొడుతూ, "చాలా మంచి మనిషండీ" అన్నాడు. రాఘవులు అవునన్నట్టు తలూపి, పప్పు మళ్ళీ వేయించుకుని, మెతుకు మిగలకుండా తిన్నాడు.

తిరుగు దారిలో బండి ఖాళీ. ఖాళీ బండి రోడ్డు మీద డప్పులా మోగుతుంది. అయోవా దాటాక ఒక రెస్ట్ ఏరియాలో ఆపి వసుమతికి ఫోన్ చేశాడు. ఆమె హాస్పిటల్ బిల్లింగ్ ఆఫీసులో పని చేస్తుంది, లంచ్ బ్రేక్‌లో ఉంది. జరిగిందంతా చెప్పాడు. శ్యామ్ ఎంత మోసం చేశాడో చెప్పాడు, శాలువా గురించి చెప్పాడు, చప్పట్ల గురించి చెప్పాడు. ఆమె మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు.

"అవన్నీ సరే" అంది చివరికి. వరంగల్‌లో పుట్టి పెరిగిన గొంతు, కోపం వస్తే ఇంకా నెమ్మదవుతుంది. "ఆమె అడిగినప్పుడు నువ్వేమన్నవ్?"

"ఆగి ఉండొచ్చు అన్నా."

"ఆగిందా?"

"లేదు."

"తర్వాత ఆమె ఏమన్నది?"

"నేను బాగున్నానా అని అడిగింది."

టిఫిన్ డబ్బా మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

"ముందుగాల ఫ్రెస్నో పో" అంది వసుమతి. "ఇంటికి తర్వాత రావచ్చు."

ఫ్రెస్నో చేరేసరికి మై షెడ్డులో నిలబడి కాకరకాయలు ఏరుతోంది. పక్కనే నీళ్ళ తొట్టి. రాఘవులు బండిలో వస్తూ వరస పెట్టుకున్న మాటలేవీ నోటికి రాలేదు. మెషిన్ ఆగలేదని మాత్రం చెప్పాడు. అక్కడి గోడౌన్‌లో మెక్సికో పెట్టెలున్నాయని చెప్పాడు.

"నాకు తెలుసు" అంది మై, చేతిలో పని ఆపకుండా. "టైరు పంక్చరైనా నాకు ఫోన్ చేసేవాడివి. మెషిన్ ఆగితే చెయ్యవా?"

"మరి అప్పుడే నన్నెందుకు నిలదీయలేదు?"

"నిలదీస్తే ఏం చెప్పేవాడివి?"

ఆమె తడి చేతులు తుడుచుకుంది. కూరగాయలు కొని డబ్బు ఎగ్గొట్టేవాళ్ళ మీద రైతులు ఫిర్యాదు చేసుకునే ప్రభుత్వ ఆఫీసు ఒకటి ఉందని, తన కొడుకు కనుక్కున్నాడని చెప్పింది. ఇప్పుడు తనతో అన్న మాట వాళ్ళతోనూ అంటావా అని అడిగింది.

రాఘవులు రేపు చెప్తానన్నాడు. ఆ రేపు అన్నందుకు తనని తాను ఏమనుకోవాలో కూడా తెలియకుండా ఇంటికి వెళ్ళాడు. శ్యామ్‌సుందర్ తరువాతి లోడ్ గురించి మెసేజ్ పెట్టాడు, కింద నవ్వుతున్న బొమ్మ. సాయంత్రమంతా రాఘవులు ఫోన్ బోర్లించి పెట్టి కూర్చున్నాడు. వసుమతి చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అన్నం పెట్టింది, తను కూడా తింది. మర్నాడు పొద్దున్నే అతను మైకి ఫోన్ చేసి, ఆ ఆఫీసు నంబర్ తీసుకున్నాడు.

ఫోనెత్తిన ఆఫీసర్ మర్యాదస్తురాలు. విన్నదంతా రాసుకుంది. రీఫర్ మెషిన్ దారి పొడుగునా తన టెంపరేచర్ తానే దాచుకుంటుంది కాబట్టి అది కూడా పంపమంది. పంపాడు. ఆఖర్లో రాఘవులు తన కిరాయి సంగతి కూడా ఎత్తాడు, ఆ ట్రిప్పుకి శ్యామ్ ఇస్తానన్నది పైసా రాలేదని. ఆమె, తమ ఆఫీసు కొన్నవాళ్ళదీ అమ్మినవాళ్ళదీ చూస్తుందనీ, లారీవాళ్ళ సంగతి తమ కిందకి రాదనీ చెప్పింది.

"మరి ఎవరి కిందకి వస్తుందండీ?"

"మామూలు సరుకైతే అడగడానికి చోట్లున్నాయి. మీది ఎగ్జెంప్ట్ కదా" అంది. "మీరొక లాయర్ని చూసుకోవడం మంచిది."

అక్కడినుంచి తాఖీదు వెళ్ళిన రోజున శ్యామ్‌సుందర్ ఫోన్ చేశాడు. అరవలేదు.

"ఒకే పరుపు మీద పడుకున్నాం రా మనం" అన్నాడు. "ఎవరో లావోస్ ఆవిడ కోసం నా కడుపు కొడతావా?"

"కూరగాయలు ఆవిడవి, శ్యామ్."

"రైటే. నీ బండి మాత్రం నాదిరా. నేను లోడ్ ఇస్తేనే అది కదులుతుంది. చూస్తా, ఎట్లా కదులుతుందో."

ఫిర్యాదు ముదిరితే తన కూరగాయల వ్యాపారం లైసెన్సే పోతుందని అతనికి తెలుసు. మైకి రావలసింది ఇచ్చేసి రాజీ చేసుకున్నాడు. గుడి కమిటీలో అతని కుర్చీ అతనికే ఉంది. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం వేరే కథ తిరిగింది. రాఘవులు మెషిన్ సరిగ్గా చూసుకోక సరుకు పాడుచేశాడనీ, శ్యామ్‌సుందర్ పెద్దమనసుతో దాన్ని గుడికి ఇప్పించాడనీ, చేసిన మేలు మరిచి తోటి తెలుగువాడి మీదే గవర్నమెంట్‌కి చెప్పాడనీ. ఎవరూ రాఘవులుని నేరుగా అడగలేదు. చికాగోలో, డాలస్‌లో అంతకుముందు లోడ్లిస్తామన్న హోల్‌సేలర్లు ఫోనెత్తడం మానేశారు.

అక్టోబరులో, ఇక చేసేది లేక, అతను ఖాళీ బండి తోలుకుని మై దగ్గరికి వెళ్ళాడు. మిగిలిన ఒక్క ఆశ అదే. ఆమె సొంతంగా వేరే కొనుగోలుదార్లని వెతుక్కుందని విన్నాడు. షెడ్డు ముందు అప్పటికే ఇంకొక లారీ నిలబడి ఉంది. మనుషులు బెండకాయ పెట్టెలు ఎక్కిస్తున్నారు. మై అతన్ని చూసి నవ్వింది, దగ్గరికి వచ్చింది. డబ్బు వచ్చిందని చెప్పింది, థాంక్స్ చెప్పింది.

"లోడ్ ఏమైనా ఉంటే నేను తీసుకెళ్తాను" అన్నాడు రాఘవులు. "రేటు నువ్వెంతంటే అంత."

అతనికి నొప్పి తగలకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్నట్టు ఆమె లారీలోకి ఎక్కుతున్న పెట్టెల వైపు చూసింది.

"ఆ రోజు అతను పక్కనుంటే అతనికి కావలసిన మాట చెప్పావు. తరువాత నేను ఎదురుగా ఉంటే నాకు కావలసిన మాట చెప్పావు" అంది. "నువ్వు చెడ్డవాడివి కాదు, రాఘవ్. కాని నా సరుకు పక్కన నేనుండను. అది ఎప్పుడూ వేరేవాళ్ళ డాక్ దగ్గరే ఉంటుంది."

అతను అర్థమైందన్నాడు. నిజంగానే అర్థమైంది.

చలికాలంలో రీఫర్ పెట్టె అమ్మేసి, పక్క గోడలూ కప్పూ లేని పాత ఫ్లాట్‌బెడ్ ఒకటి కొన్నాడు. ఇప్పుడు లాస్ బాన్యోస్ వైపు చేల నుంచి అల్ఫాల్ఫా గడ్డి మోపులు ఎత్తి, ట్యులేరీ చుట్టుపక్కల డెయిరీలకి తోలుతున్నాడు. అక్కడి మనుషులు వేలితో చోటు చూపిస్తారు, ఫోర్క్‌లిఫ్ట్ మోపులు దించుకుంటుంది, అంతటితో సరి. పేరు కూడా ఎవరికీ అవసరం లేదు. సన్నటి గడ్డి ఈనెలు చొక్కాలో దూరి మెడంతా దద్దుర్లు లేస్తాయి. ఎన్నిసార్లు ఉతికినా ఆ ఈనెలు పోవు. వసుమతి ఆ చొక్కాలు వేరే తీసి, గరాజ్‌లో దులిపి, విడిగా ఉతుకుతుంది. పని ఎలా ఉందని ఆమె అడగదు. అతనూ చెప్పడు.